ఎర్ర టీ, మా అవ్వ కషాయం, నేను తొందరపడి అన్న ఒక మాట

నేను డర్బన్‌లో పుట్టి పెరిగాను. అరవై దాటి నాలుగేళ్ళయింది. బడిలో చదివిందంతా ఇంగ్లీషు, దాంతోపాటు తప్పనిసరిగా ఆఫ్రికాన్స్. తెలుగు అక్షరాలు యాభై దాటాక, గుడిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నాను. తర్వాత పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేనే చదువుకున్నాను. ఎక్కడైనా తప్పు దొర్లితే సర్దుకుని చదవండి.

ఈసారి మనందరి ఇళ్ళలో ఉండే ఎర్ర టీ గురించి, అంటే రూయిబోస్ గురించి రాస్తాను. దాని చరిత్ర ఎందుకు వెతికానో ముందు చెప్పాలి. అది నాకు అంత సులువుగా చెప్పగలిగే సంగతి కాదు.

గుడిలో నా పని టీ బల్ల దగ్గర. పురటాసి శనివారాలు ఇక్కడి తెలుగువాళ్ళకు ఎంత ముఖ్యమో మీకు తెలుసు. గోవింద భజనలు ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ళకు ఖాళీ కడుపుతో చిక్కటి పాల టీ పడదు. అందుకని పక్కన ఒక పెద్ద పాత్రలో ఎర్ర టీ కూడా పెడతాను. మూడేళ్ళ కిందట ఒక పెద్దావిడ కప్పు అందుకుంటూ అడిగింది: "ఏమ్మా, ఇది బీపీకి మంచిదటగా?" నా వెనక వరస పొడుగ్గా ఉంది. నేను తల కూడా ఎత్తకుండా, "అవునమ్మా, అన్నిటికీ మంచిదే" అన్నాను.

రెండు నెలల తర్వాత తెలిసింది, ఆవిడ బీపీ మాత్రలు మానేసి రోజూ ఎర్ర టీయే తాగిందట. పక్షవాతం వచ్చింది. నోరు కొంచెం పక్కకు పోయింది, ఎడమ చెయ్యి పట్టు తప్పింది. ప్రాణం దక్కింది. చూడ్డానికి వెళ్తే వాళ్ళమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "ఆంటీ, గుడిలో మీరు చెప్పారని అమ్మ నమ్మింది" అంది, అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. అన్నిటికీ మంచిదని నాకెవరు చెప్పారు? మా అమ్మ చెప్పింది. టీ పెట్టె మీద ఉంది. ఏదో పత్రికలో చదివాను. మరి వాళ్ళకెవరు చెప్పారు? అలా మొదలైంది ఈ వెతుకులాట.

మన ఇంట్లో ముందున్నది కషాయం

మనవాళ్ళు వచ్చినప్పుడు ఎర్ర టీ వాళ్ళకు తెలియదు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్‌లో ఆగింది. ఒప్పందం మీద నటాల్‌కు పనికి వచ్చిన భారతీయుల్లో ఆ ఓడవాళ్ళే మొదటివాళ్ళు. 1911లో ఆ వలస ఆగేలోపు లక్షా యాభై వేలకు పైగా మనుషులు దిగారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చిన తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

ఎక్కువమంది చెరకు తోటలకు వెళ్ళారు. కొందరు టీ తోటలకు వెళ్ళారు. నటాల్‌లో టీ తోటలా అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ ఉండేవి. ఇక్కడి కాఫీ తోటలు తెగులుతో దెబ్బతిన్నాక, 1870ల చివర టీ నాటడం మొదలుపెట్టారు. కియర్స్‌నీలో హ్యూలెట్ గారి తోట వాటిలో పెద్దది. ఆకు కోసిన చేతులు మనవాళ్ళవే. 1911 తర్వాత కొత్త కూలీలు రాక టీ తోటలు నిలవలేదు. ఆ నేల మళ్ళీ చెరకుకే పోయింది.

మా అవ్వ వాళ్ళమ్మ అలాంటి తోటలోనే ఆకు కోసింది. అయితే ఆవిడకు టీ వేరు, మందు వేరు. పడిశం పడితే, ఒళ్ళు వెచ్చబడితే పొయ్యి మీదికి ఎక్కేది కషాయం. శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి, నాలుగు తులసి ఆకులు వేసి, నీళ్ళు సగానికి సగం అయ్యేదాకా మరిగించేవారు. మా అవ్వ ఆ పద్ధతి తప్పలేదు. నాకు చిన్నప్పుడు తెలుగులో ఒక్క వాక్యం సరిగా వచ్చేది కాదు, కానీ శొంఠి, మిరియాలు, కషాయం అన్న మాటలు వచ్చు. మీలో చాలామందికీ అంతే అనుకుంటాను. మన భాష హాల్లోంచి వెళ్ళిపోయినా వంటింట్లో కొన్నాళ్ళు ఎక్కువ ఉంది.

నేర్చుకునేవాళ్ళ కోసం ఇక్కడ రెండు మాటలు చెబుతాను. ఆయుర్వేదంలో మొక్కను నీళ్ళలో వేసి కాచి, నీళ్ళు ఇగరబెట్టి వడగడితే దాన్ని క్వాథం అంటారు. మనం ఇంట్లో కషాయం అనేది దాన్నే. వేడినీళ్ళు పోసి కాసేపు నాననిచ్చి వడగడితే అది ఫాంటం. అంటే మనం ఇప్పుడు సంచీ ముంచి తాగే మూలికల టీలన్నీ ఫాంటాలే. ఎర్ర టీని మాత్రం కొండప్రాంతం వాళ్ళు పొయ్యి మీద చాలాసేపు ఉంచి కాచేవారు. అది మన కషాయానికి దగ్గర.

మొదట ఎవరికి తెలుసు?

రూయిబోస్ అంటే ఆఫ్రికాన్స్‌లో ఎర్రపొద. నిజానికి పొద పచ్చగానే ఉంటుంది. సూదుల్లాంటి సన్నని ఆకులు. కందులు, పెసల కుటుంబానికి చెందిన మొక్క. కేప్‌టౌన్‌కు ఉత్తరాన ఉన్న సీడర్‌బర్గ్ కొండల్లో, ఆ చుట్టుపక్కల ఇసుక నేలల్లో తప్ప ఇంకెక్కడా పంటగా నిలదొక్కుకోలేదు. కొమ్మలు కోసి, సన్నగా నరికి, నలగ్గొట్టి, తడిపి కుప్ప పోస్తారు. కుప్పలో వేడెక్కి ఆకు ఎర్రబడుతుంది. తర్వాత ఎండలో పరుస్తారు. కేప్‌టౌన్‌లో ఉన్న మా అబ్బాయి నన్ను క్లాన్‌విలియమ్‌కు తీసుకెళ్ళినప్పుడు ఆ కళ్ళాలు చూశాను. మన ఊళ్ళలో మిరపకాయలు ఆరబోసిన కళ్ళం ఫొటోల్లో ఎలా ఉంటుందో అలా ఉంది. దగ్గరికి వెళ్తే తేనె, ఎండుగడ్డి కలిసిన వాసన.

ఈ ఆకు సంగతి మొదట తెలిసింది ఎవరికి? ఖోయ్, సాన్ జనాలకు అని మనం బడిలో చదవలేదు, ఇప్పుడు చదువుతున్నాం. ఆ కొండల్లో వేల ఏళ్ళుగా ఉన్నది వాళ్ళే. రాతిగుహల్లో వాళ్ళు వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే రాతపూర్వకంగా చూపించమంటే చిక్కు వస్తుంది. కార్ల్ థున్‌బర్గ్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త 1772లో కేప్‌కు వచ్చాడు. స్థానికులు ఒక పొద ఆకులతో టీ కాచుకుంటారని రాశాడు. చాలా పుస్తకాలు దాన్నే రూయిబోస్ తొలి ప్రస్తావన అని చెప్తాయి. నేనూ గుడిలో అలాగే చెప్పేదాన్ని. ఈమధ్య వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు ఆయన రాతలు మళ్ళీ పరిశీలించి, ఆయన చూసింది రూయిబోస్ కాదు, దానికి చుట్టమైన ఇంకో మొక్క అని తేల్చారు.

దీన్ని పట్టుకుని, "రాసిన రుజువు లేదు కాబట్టి ఈ జ్ఞానం ఖోయ్, సాన్‌లది అనలేం" అన్నవాళ్ళున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన ఓడల జాబితాలు గుర్తొచ్చాయి. వాటిలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చలు రాశారు. మా ముత్తవ్వకు ఏ ఆకు ఏ నొప్పికి వాడాలో తెలుసని ఎవరూ రాయలేదు. రాయలేదు కాబట్టి ఆవిడకు తెలియదంటే ఒప్పుకుంటామా?

ఖోయ్, సాన్‌లకు జరిగింది మనకన్నా చాలా దారుణం. 1713లో కేప్‌లో మశూచి వచ్చి ఖోయ్ జనం పెద్ద సంఖ్యలో చనిపోయారు. భూములు పోయాయి. భాషలు పోయాయి. మన దేశపు రాజముద్ర మీద 2000 నుంచి ఉన్న నినాదం ఖామ్ అనే సాన్ భాషలో ఉంది. ఆ భాషలో ఇప్పుడు బిడ్డకు జోలపాట పాడే తల్లి లేదు. అలాంటప్పుడు మొదటి రుజువు చూపించమని వాళ్ళను అడగడం ఎంతవరకు న్యాయం?

పెట్టె మీద పేర్లు

టీ చరిత్రలో మనకు పేరుపేరునా తెలిసేది ఆ తర్వాత వచ్చినవాళ్ళు. డచ్చి వలసదారులకు ఓడల్లో వచ్చే తూర్పుదేశాల టీ చాలా ఖరీదు. కొండప్రాంతం బీదవాళ్ళు ఆ బదులు ఈ ఆకు కాచుకున్నారు. 1904లో బెంజమిన్ గిన్స్‌బర్గ్ అనే వ్యాపారి దీన్ని అమ్మడం మొదలుపెట్టాడు. రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వాళ్ళది. కొండల్లో ఆకు కోసుకొచ్చే వాళ్ళ దగ్గర కొని బయటి ఊళ్ళకు పంపేవాడు.

అప్పటికింకా అది అడవి మొక్క. పొలంలో వేద్దామంటే విత్తనం మొలకెత్తేది కాదు. గింజ మీద పెంకు గట్టిది. పైగా కాయ పగిలి గింజలు ఎటో ఎగిరిపోతాయి. క్లాన్‌విలియమ్ డాక్టర్ పీటర్ ల ఫ్రా నోర్టియర్ 1930 ప్రాంతంలో దీని మీద పట్టు వదలకుండా పనిచేశాడు. గింజ పెంకును కాస్త గీరితే మొలక వస్తుందని కనిపెట్టాడు. మరి అన్ని గింజలు ఎక్కణ్ణుంచి తేవాలి? అక్కడివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. ఒక కొండప్రాంతం ఆవిడ చీమలు ఏవో గింజలు మోసుకుపోవడం చూసిందట. వాటి వెంట వెళ్ళి పుట్ట తవ్వితే అందులో రూయిబోస్ గింజలు గుట్టగా ఉన్నాయట. కథలో ఎంత నిజముందో గానీ, ఈ మొక్క గింజల్ని చీమలు పుట్టల్లోకి చేరవేయడం మాత్రం నిజమే. డాక్టరు గారి పేరు అన్ని పుస్తకాల్లో ఉంటుంది. ఆవిడ సంగతి చాలా చోట్ల "ఒక ఆడమనిషి" దగ్గరే ఆగిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసియా నుంచి టీ రావడం కష్టమైంది. ఎర్ర టీకి గిరాకీ పెరిగింది. యుద్ధం అయిపోగానే ధర పడిపోయింది. 1948లో రైతులు క్లాన్‌విలియమ్‌లో సహకార సంఘం పెట్టుకున్నారు. 1954లో ప్రభుత్వం నియంత్రణ బోర్డు ఏర్పాటు చేసింది.

"ఆరోగ్యానికి మంచిది" ఎప్పుడు వచ్చింది?

ఇప్పుడు నా అసలు ప్రశ్నకు వస్తాను. కడుపు నొప్పికి, నిద్రకు ఈ టీ తాగడం పాత అలవాటే. కానీ ఇంటింటికీ పాకిన పేరు 1968 తర్వాత వచ్చింది. అనెకీ థెరోన్ అనే తల్లి తన పసిబిడ్డ ఏడుపు, కడుపునొప్పి తగ్గక అల్లాడిపోయింది. ఒకరోజు సీసాలో ఎర్ర టీ కలిపి పట్టింది. బిడ్డ నెమ్మదించింది. ఆవిడ మరికొందరు పిల్లల మీద చూసి, 1970లో పుస్తకం రాసింది. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో పాలసీసాలో ఎర్ర టీ పొయ్యని తల్లి లేదనిపించేది. మా అమ్మ మా చిన్న తమ్ముడికి పట్టింది. మా అవ్వ ఊరుకుంటుందా? అందులో చిటికెడు శొంఠి కలపమంది. అలా ఎర్ర టీ మా ఇంట్లో కషాయాల పక్కన చేరింది. కషాయం మీద మాకున్న నమ్మకమంతా దానికీ అంటుకుంది.

ఒక తల్లి అనుభవం అబద్ధం కాదు. కానీ అది ఒక తల్లి అనుభవం. పరిశోధనల్లో తేలింది విడిగా చెప్పుకోవాలి. ఎర్ర టీలో కెఫీన్ లేదు. కాబట్టి రాత్రి తాగినా నిద్ర చెడదు. టానిన్లు తక్కువ, కాబట్టి వగరు ఉండదు. 1979లో ఇక్కడ కొద్దిమంది యువకుల మీద ఒక పరీక్ష చేశారు. ఇనుము నీళ్ళతో తీసుకుంటే ఒంటికి 9.34 శాతం పట్టింది, రూయిబోస్‌తో 7.25 శాతం, మామూలు టీతో 1.70 శాతం. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు భోజనం కాగానే మామూలు టీ తాగకూడదని డాక్టర్లు చెప్పడం ఇందుకే. మన ఇళ్ళలో ఇది పనికొచ్చే మాట.

ఇందులో ఆస్పలాథిన్ అనే పదార్థం ఉంది. మిగతా మొక్కల్లో అది దాదాపు కనపడదు. దాని మీద పరిశోధన ఎక్కువగా గాజుగొట్టాల్లో, ఎలుకల మీద జరిగింది. మనుషుల మీద జరిగినవాటిలో 2011లో వచ్చిన కేప్‌టౌన్ అధ్యయనం పేరున్నది. గుండెజబ్బు ముప్పు ఉన్న నలభై మంది ఆరు వారాలపాటు రోజుకు ఆరు కప్పులు తాగారు. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది, మంచిది పెరిగింది. సంతోషమే. కానీ నలభై మంది, ఆరు వారాలు. బీపీ మాత్ర మానేసి దీన్ని తాగవచ్చని ఆ అధ్యయనం చెప్పలేదు. ఆ మాట అన్నంత పని చేసింది నేను.

ఆలస్యంగా అందిన వాటా

1994లో ఒక కంపెనీ రూయిబోస్ అన్న పేరును అమెరికాలో తన సొంత గుర్తుగా నమోదు చేసుకుంది. ఎర్రపొద అని ఇక్కడివాళ్ళు పిలుచుకునే పేరు వాడాలంటే ఇక్కడివాళ్ళే అనుమతి అడగాల్సిన పరిస్థితి. అది వీగిపోయేసరికి 2005 వచ్చింది. 2021లో యూరప్ దేశాల కూటమి రూయిబోస్ పేరుకు రక్షణ ఇచ్చింది. ఈ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు.

ఖోయ్, సాన్‌ల సంగతి ఈలోపు నడుస్తూనే ఉంది. ప్రభుత్వం చేయించిన అధ్యయనం 2014లో వచ్చింది. ఈ జ్ఞానం తమదని ఖోయ్, సాన్‌లు అనడాన్ని కాదనడానికి ఆధారం లేదని అందులో తేల్చారు. వ్యాపారులు వెంటనే ఒప్పుకోలేదు. మాటలు ఏళ్ళ తరబడి సాగాయి. చివరికి 2019 నవంబర్ 1న ఒప్పందం ప్రకటించారు. రైతుకు ఆకు కోసం చెల్లించే ధర మీద ఒకటిన్నర శాతం ఖోయ్, సాన్ సంఘాలకు ఇవ్వాలి. డబ్బుగా చూస్తే చిన్నది. కానీ "ఇది మీ పెద్దలకు తెలుసు" అని కాగితం మీద ఒప్పుకోవడం ఉంది చూశారా, అది చిన్నది కాదు.

నాకు ఈ చరిత్రంతా చదివాక రెండు సంగతులు పక్కపక్కన కనిపించాయి. పెద్దల జ్ఞానాన్ని రుజువు లేదని కొట్టిపారేయడం తప్పు. పెద్దలు చెప్పారని రుజువు అడక్కుండా పక్కవాళ్ళ ప్రాణం మీదికి తేవడం కూడా తప్పే. మా అవ్వ రెండోది ఎప్పుడూ చేయలేదు. కషాయం ఇచ్చాక రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే, "ఇంక నా వల్ల కాదు, డాక్టరు దగ్గరికి పదండి" అని తనే చెప్పులు వేసుకునేది. ఆవిడ కషాయం నేర్చుకున్నాను, ఆ మాట నేర్చుకోవడం మర్చిపోయాను.

ఇప్పుడు గుడిలో టీ బల్ల మీద ఒక అట్ట పెట్టాను. తెలుగులో, ఇంగ్లీషులో నా చేత్తోనే రాశాను: "ఇది టీ. రుచికి తాగండి. మీ మాత్రలు మానకండి." పెద్దావిడ ఇప్పుడు కర్ర పట్టుకుని వస్తుంది. పోయిన పురటాసిలో ఆ అట్ట చూసి, "నా వల్లే కదా ఇది రాశావు" అంది. అవునన్నాను. "అయితే ఒక కప్పు పొయ్యి. శొంఠి వేశావా?" అంది. వేశానన్నాను. ముందు సంచీలోంచి మాత్ర తీసి నాకు చూపించి, నీళ్ళతో వేసుకుంది. తర్వాత టీ తాగింది.

మీకొక చిన్న పని చెబుతాను. ఇంట్లో అవ్వో తాతో ఉంటే ఈ వారం ఒక్క కషాయం గురించి అడగండి. ఏమేం వేస్తారు, దేనికి ఇస్తారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, ఎప్పుడు అది చాలక డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. నాలుగు వరసలు. తెలుగులో రాయండి, తప్పులున్నా పరవాలేదు. చెప్పినవాళ్ళ పూర్తి పేరు మాత్రం మర్చిపోకుండా పైన రాయండి.